పుట్టపర్తి వాళ్ళ పట్నం

దేశదేశాల వాళ్ళు రైళ్ళెక్కి, విమానాలెక్కి పుట్టపర్తి వస్తారు. మరి పుట్టపర్తి వాళ్ళకి సరదాగా నాలుగు రోజులు తిరిగి రావాలనిపిస్తే ఎక్కడికి పోతారు? హైదరాబాదుకా? అబ్బే! మా జిల్లా పేరు మారినా (2022 ఏప్రిల్ నుంచి మాది శ్రీ సత్యసాయి జిల్లా లెండి) మా పట్నం మాత్రం మారలేదు. ఎప్పుడూ బెంగుళూరే! నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. తెల్లవారుజామున బస్సెక్కితే టిఫిన్ల వేళకి చేరొచ్చు.

అయితే ఒక మాట. మా వైపు జనం బెంగుళూరు వెళ్ళేది చూడటానికి కాదు. వాన మొహం చాటేసి చెనిక్కాయ పంట ఎండితే కూలికి పోతారు. పెద్ద జబ్బు చేస్తే ఆస్పత్రికి పోతారు. మా నాయన కూడా 1980లలో మూడేళ్ళు అక్కడ తాపీపనికి ఇటుకలు మోశాడు. ఆ మూడేళ్ళలో లాల్‌బాగ్ చూశావా అని అడిగితే, ‘‘గోడ చూసినా. లోపలికి పోలా’’ అంటాడు. అందుకే ఈసారి ఉగాదికి వారం ముందు అమ్మ, నాయన, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు... మొత్తం సంసారం బయల్దేరాం. పనేమీ లేకుండా, ఊరికే చూసి రావటానికి!

గోరంట్ల, కొడికొండ చెక్‌పోస్టు దాటగానే బోర్డుల మీద అక్షరాలు కన్నడానికి మారతాయి. మాట మాత్రం మారదు. బాగేపల్లిలో టీ కొట్టాయన మాకంటే చక్కటి తెలుగు మాట్లాడాడు. అమ్మ సంచిలో జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి ఉన్నాయి. ‘‘పట్నంలో తిండి దొరకదా అత్తా!’’ అని మా ఆవిడ నవ్వింది. ‘‘దొరుకుతాది. ఏమైనా పెట్టుకోని పోవల్ల’’ అంది అమ్మ.

మార్చిలో బెంగుళూరు చూడాల్సిందే. టబెబూయా అని ఒక చెట్టుంది. ఆకంతా రాల్చేసుకుని ఒళ్ళంతా గులాబీరంగు పూలేసుకుని రోడ్ల పక్కన నిలబడుతుంది. డ్యూయెట్‌కి సెట్ వేసినట్టే! మా దగ్గర ఈ నెలలో వేప పూస్తుంది. అది పచ్చడికి పనికొస్తుంది గాని ఫోటోకి పనికిరాదు. మా ఆవిడ ప్రతి చెట్టు కిందా ఫోటో దిగింది.

లాల్‌బాగ్ హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట. ఇప్పుడు 240 ఎకరాలు. 1889లో కట్టిన అద్దాల మేడ దగ్గర పిల్లలు పరుగులు తీశారు. అక్కడ ఒక పెద్ద గుండు కూడా ఉంది. మూడువందల కోట్ల ఏళ్ళ నాటిదట! నాయన దానికేసి చూసి, ‘‘దీనికి టికెట్టా? మన ఊరి చుట్టూ ఉండేవన్నీ ఇవే కదరా’’ అన్నాడు. చెరువు గట్టు మీద మాత్రం చాలాసేపు నిలబడిపోయాడు. ‘‘నీళ్ళకేం లోటు లేదే వీళ్ళకి’’ అన్నాడు. లేకేం? వంద కిలోమీటర్ల దూరం నుంచి కావేరిని పంపులతో ఎక్కించి తెచ్చుకుంటున్నా, 2024 ఎండల్లో ఈ మహానగరం ట్యాంకర్ల వెంట పరుగెత్తింది. ఆ సంగతి చెబితే నాయన నమ్మలేదు.

ఇక తిండి! గాంధీబజార్‌లో విద్యార్థి భవన్ ఉంది. 1940లలో మొదలైన హోటలు. సర్వరు డజను దోశె ప్లేట్లు చేతి మీద దొంతర పేర్చుకుని వస్తుంటే మా చిన్నవాడు సర్కస్ చూసినట్టు చప్పట్లు కొట్టాడు. పైన కరకర, లోపల మెత్తన, మీద వెన్న! మర్నాడు లాల్‌బాగ్ రోడ్డులోని మావళ్ళి టిఫిన్ రూమ్స్. క్లుప్తంగా ఎం.టి.ఆర్. 1924 నాటిది. రెండో ప్రపంచయుద్ధంలో బియ్యం కరువైతే రవ్వతో ఇడ్లీ వేసి చూశారట. ఆ రవ్వ ఇడ్లీయే ఇప్పుడు ఊరూరా ఉంది. కరువులో పుట్టిన వంట అనగానే అమ్మ ఇంకో ప్లేటు చెప్పించింది. సాయంత్రం వి.వి.పురం తిండి వీధిలో పెనం మీంచి తీసిన హోళిగె తిన్నాం. ‘‘మన ఓళిగలే! నెయ్యి తక్కువ’’ అని తీర్పు చెప్పి, రెండు పొట్లం కట్టించుకుంది.

బసవనగుడి నందిని కూడా చూశాం. బాగుంది. లేపాక్షి బసవన్నని చూసిన కళ్ళకి ఇంతకన్నా చెప్పబుద్ధి కాదు.

నాయన కోరిక ఒక్కటే, మెజెస్టిక్ చూడాలని. ఆదివారం కూలి చేతికొస్తే ఎన్టీఆర్ సినిమా ఎక్కడ ఆడితే అక్కడ క్యూలో నిలబడేవాడట. గాంధీనగర్‌లో మమ్మల్ని ముందుండి నడిపించాడు. వంపు తిరిగిన సినీరామా తెరతో 1968లో మొదలైన కపాలి లేదు, 2017లోనే మూసేశారు. మహేష్‌బాబు భాగస్వామిగా ఉన్న ఎ.ఎం.బి. వాళ్ళు మల్టీప్లెక్స్‌కి ఎంచుకున్నది ఆ స్థలాన్నే. బ్రిగేడ్ రోడ్డులోని రెక్స్ కూడా 2018 చివరి రోజుతో ఆఖరి ఆట వేసింది. తెలుగు సినిమాకి మాత్రం ఇక్కడ కొరత లేదు. కొత్త బొమ్మ పడితే ఇది హైదరాబాదేమో అనిపిస్తుంది. ఆ రాత్రి మాల్‌లో సినిమాకి తీసుకెళ్ళాను. టికెట్ ధర చెప్పలేదు. పాప్‌కార్న్ బిల్లు మాత్రం చూసేశాడు! ‘‘ఇది నా మూడు వారాల కూలి రా’’ అని ఇంటర్వెల్ అంతా గొణుగుతూనే ఉన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం మెజెస్టిక్ బస్టాండు. మేం ఎక్కాల్సిన బస్సులోంచి మూటలతో, గిన్నెలతో ఒక కుటుంబం దిగింది. నాయన పలకరించాడు.

‘‘ఏ ఊరబ్బీ?’’

‘‘కదిరి పక్కన పెద్దాయనా. పనికొచ్చినాం.’’

నాయన వాళ్ళ పక్కనే కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. మేస్త్రీ ముందుగానే ఎంత ఇస్తాడు, పాక ఎక్కడ, పిల్లని బడిలో వేస్తారా... అన్నీ అడిగాడు. బస్సు హారన్ కొట్టాక లేచి, అమ్మ చేతిలోని సంచి తీసుకుని ఆ పిల్ల ఒళ్ళో పెట్టేశాడు. మిగిలిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, హోళిగె పొట్లం అన్నీ అందులోనే ఉన్నాయి.

‘‘లాల్‌బాగ్ చూడబ్బీ. గోడ కాదు, లోపలికి పో’’ అని చెప్పి బస్సెక్కాడు.

చిక్కబళ్ళాపురం దాకా అమ్మ మాట్లాడలేదు. ఆ తర్వాత, ‘‘ఓళిగలన్నా తీసిపెట్టుకోకపోతివి’’ అంది.