నిస్తంత్రి యాత్ర

మట్టపల్లి నరసింహస్వామి సన్నిధికి ఒక్కరాత్రికై పోవునపుడు సయితము అగ్గిపెట్టె మఱచి నాలుక కఱచుకొన్నవారము మేము. హుజూర్‌నగరమందలి అట్టి మా యింట 14 ఏండ్ల మా అమ్మాయి హ్యాం రేడియో పరీక్షకు కూర్చుందునని పట్టుపట్టినది. వృత్తిగా గాక వేడుకకై నిస్తంత్రిపై మాటలాడువారిని హ్యాములందురు. ఏదో దీవికి పోయి లోకమునెల్ల పలుకరింపవలెనట! అత్తగారు "ఆడపిల్లకు సముద్రాలెందుకే?" అనిరి. నిజము చెప్పవలెనన్న మాకును భయమే.

అప్పుడు మావారు భారతీప్రసాదుగారి ముచ్చట చెప్పిరి. హైదరాబాదులోని జాతీయ హ్యాం రేడియో సంస్థ పక్షమున ఆమె 2004 డిసెంబరులో అండమాను దీవులకు పోయిరి. అవి మన దేశములోనివే యైనను హ్యాముల లెక్కలో వేఱు దేశము. అచటినుండి పలుకువారు అరుదు గనుక దేశదేశముల హ్యాములు ఆ పిలుపునకై చెవులొగ్గి యుందురు.

సోదరీమణులారా, ఆ సన్నాహము వినుడు. ప్రభుత్వానుమతికై ఏండ్ల తరబడి యత్నము. యంత్రములను సముద్రము దాటించుట. ఎత్తున తీగ కట్టుట. విద్యుత్తు పోయిన జనరేటరు. విన్న ప్రతివాని పిలుపుసంజ్ఞను వేళతో సహా చిట్టాకెక్కించుట. మా పెండ్లిసరకుల జాబితా దీనియెదుట ఏపాటి!

ఆ నెల 26వ తేది ఉదయమున భూమి కంపించినది. వెంటనే సునామీ. టెలిఫోనులు మూగవోయినవి. వేడుకకు తెచ్చిన యంత్రమే ఆత్రపడు తల్లులకు బిడ్డల క్షేమవార్తలు చేర్చినది.

అత్తగారు చాలసేపు పలుకలేదు. పిదప మనుమరాలితో "ఆ యంత్రం ఎంత బరువుంటదే?" అనిరి.

దరఖాస్తుపై వ్రాలు చేసితిమి. రుసుము మాత్రము మావారి జీతము వచ్చినపిదప.