మచ్చ లేని దురద

ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తే అందరూ నమ్ముతారు. ఏమీ కనిపించకుండా దురద అంటే మాత్రం "ఊకె గోక్కుంటున్నవ్" అంటారు. పోయిన ఎండాకాలం మా ఇంట్లో అక్క విషయంలో అదే నడిచింది.

అక్క తొలి కాన్పుకి దేవరకొండ వచ్చింది. అప్పటికి ఎనిమిదో నెల. పగలంతా బాగానే ఉండేది. రాత్రి పడుకోగానే అరిచేతులు, అరికాళ్లు దురద మొదలు. దువ్వెనతో అరికాళ్లు గీరుకునేది, చల్లటి గచ్చు మీద కాళ్లు ఆనించి కూర్చునేది. ఫోన్ టార్చ్ వేసి చూస్తే గోళ్ల గీతలు తప్ప ఒక్క పొక్కు కూడా లేదు.

"ఏం గాదు బిడ్డా, లోపల పోరనికి ఎంటికలు మొలుస్తుంటే అట్లనే ఉంటది" అంది నానమ్మ. పక్కింటామె వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగమంది. మెడికల్ షాపులో మలాం ఇచ్చారు. నాలుగు రోజులు రాసినా ఫాయిదా లేదు.

చెకప్‌కి పోయినప్పుడు అక్క ఈ మాట ఎత్తనే లేదు. "గింత దానికి డాక్టరమ్మకు ఏం చెప్తం చెల్లె" అని సైగ చేసింది. నేనే చెప్పేశాను. డాక్టరమ్మ రాసేది ఆపి రెండే ప్రశ్నలు అడిగింది. రాత్రి ఎక్కువవుతోందా? అరిచేతులు, అరికాళ్లలోనేనా? రెండింటికీ అవుననే చెప్పాం. వెంటనే లివర్ పరీక్ష, బైల్ యాసిడ్స్ పరీక్ష రాసింది. రెండో పరీక్షకి శాంపిల్ హైదరాబాద్ పోయింది.

విషయం ఏంటంటే, గర్భంతో ఉన్నప్పుడు పెరిగే హార్మోన్ల వల్ల కొందరిలో లివర్ నుంచి పిత్తరసం సరిగా కిందికి జారదు. అందులోని ఆమ్లాలు రక్తంలో పెరుగుతాయి, ఒళ్లు దురద పెడుతుంది. జబ్బు చర్మంలో లేదు కాబట్టి చర్మం మీద ఏమీ కనిపించదు. ఇంగ్లాండ్ లెక్కల్లో ఇది వెయ్యి మంది గర్భిణుల్లో ఏడుగురికి వస్తే, భారత, పాకిస్తాన్ మూలాలున్న వాళ్లలో 12 నుంచి 15 మందికి వస్తుంది.

తల్లికి నిద్ర పోతుంది, అసలు భయం బిడ్డ గురించి. బైల్ యాసిడ్స్ 100 దాటితే బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం పెరుగుతుందని 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధన తేల్చింది. అక్కకి 62 వచ్చింది. వారం వారం పరీక్ష చేయించి, నొప్పుల కోసం చూడకుండా 38 వారాలకే కాన్పు చేద్దామన్నారు. మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్‌కి ఎన్నిసార్లు తిరిగామో! దారంతా అక్క చెయ్యి పొట్ట మీదే, బిడ్డ కదలికలు లెక్కపెట్టుకుంటూ.

పాప పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందలు. కొద్దిరోజుల్లోనే దురద పోయింది. ఆరు వారాల తర్వాత చేసిన లివర్ పరీక్ష నార్మల్. మళ్లీ గర్భం వస్తే ఇది తిరిగి రావచ్చు, మొదట్లోనే చెప్పాలన్నారు.

గర్భం లేనివాళ్లకీ ఇలాంటి దురద వస్తుంది. ఎక్కువసార్లు కారణం పొడిబారిన చర్మమే. వేడి నీళ్లు, సబ్బు తగ్గించి, స్నానం కాగానే కొబ్బరినూనో మాయిశ్చరైజరో రాస్తే సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే ఐరన్ తక్కువవడం, థైరాయిడ్, కిడ్నీ, లివర్, వాడే మందులు, వీటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు. ఆరు వారాలు దాటినా, బరువు తగ్గుతున్నా, కళ్లు పచ్చబడినా ఆగొద్దు. దానికి చేసే రక్తపరీక్షలు చాలావరకు మామూలువే.

మీ ఇంట్లో అక్కో వదినో నెలలు నిండి ఉంటే ఈ రాత్రే అడగండి: "అరికాళ్లు దురద పెడుతున్నాయా?" అవునంటే వచ్చే చెకప్ దాకా ఆగకుండా రేపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.