మొదటి ప్రూఫు

మా ముద్రణ విభాగంలో సీసపు అక్షరాలు మూలబడి చాలా ఏళ్ళయింది. ట్రెడిల్ యంత్రాలు వేలంలో వెళ్ళిపోగా, ఎవరూ కొనని చేతి ప్రూఫు యంత్రమొకటి స్టోర్సులో టార్పాలిన్ కింద మిగిలింది. తుక్కు జాబితాలో దాని పేరు కనిపించినప్పుడు మేము నలుగురము అనుమతి కోరి, దానిని తిరిగి నిలబెట్టబూనుకున్నాము. పాత వస్తువుపై మమకారమొక్కటే అందుకు కారణం కాదు.

వెనుక ఒకసారి క్వార్టర్ల కేటాయింపు జాబితా అచ్చు వేయించవలసి వచ్చింది. వేళ మించిపోతున్నదని, ప్రూఫు తీయకుండానే యంత్రానికెక్కించమని తొందరపెట్టినవారము మేమే. ‘అర్హుల జాబితా’ అన్న శీర్షిక ‘అనర్హుల జాబితా’గా వెలువడింది. మెమో మాత్రం కంపోజిటర్ గారికి అందింది. ఆయన మారు పలుకలేదు. మేమూ నోరు విప్పలేదు.

యంత్రం నిర్మాణం సరళమైనదే: చదునైన ఇనుప బల్ల, ఇరుపక్కల పట్టాలు, వాటిపై దొర్లే బరువైన సిలిండరు. తుప్పును కిరసనాయిలుతో నానబెట్టి మెత్తని ఉక్కుపీచుతో తీశాము. గరుకు కాగితంతో రుద్దితే బల్ల చదును చెడుతుంది. స్పిరిట్ లెవెల్ పెట్టి, కాళ్ళ కింద రేకులు దూర్చి సమం చేశాము.

అయినా మొదటి ప్రూఫు వెలవెలబోయింది. సిలిండరుకు ఎన్ని కాగితాలు చుట్టినా తీరు కుదరలేదు. లోపం మాలోనే ఉన్నదని తరువాత తెలిసింది. అక్షరం ఎత్తు 0.918 అంగుళం, అనగా సుమారు 23.3 మిల్లీమీటర్లు. గ్యాలీ ప్రూఫు యంత్రంలో ఆ ఎత్తుతో పాటు అక్షరాలను మోసే గ్యాలీ పళ్ళెం మందానికీ చోటు విడిచిపెడతారు. మేము అక్షరాలను నేరుగా బల్లపై పేర్చాము! పళ్ళెంతో సహా ఉంచగానే ఒత్తులతో సహా స్పష్టంగా పడ్డాయి.

నిర్వహణకు నియమాలు కొద్దివే. పని ముగియగానే అక్షరాలను కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాలి. సిరా రోలరును నేలకు ఆనించక వేలాడదీయాలి. లేకున్న ఒక పక్క అణగిపోతుంది. బల్లకు పలుచగా నూనె పూసి ఉంచి, పనికి ముందు తుడిచివేయాలి.

అంతా సిద్ధమయ్యాక, పదవీ విరమణ చేసిన ఆ కంపోజిటర్ గారిని ఆహ్వానించాము. మేమే కూర్చిన ఒక్క పంక్తికి ప్రూఫు తీసి ఆయన చేతికిచ్చాము: ‘ఆనాటి పొరపాటు మాది.’

ఆయన కళ్ళద్దాలు సవరించుకొని చాలాసేపు చూశారు. జేబులోని పెన్సిలు తీసి అంచున గుర్తు పెట్టారు.

“ఈ ‘మా’ తలకిందులైంది బాబూ. సరిచేసి ఇంకొకటి తీయండి.”

సరిచేసి తీశాము. ఆ రెండవ ప్రూఫును ఆయన సిరా ఆరేదాకా పట్టుకొని నిలుచుని, మడిచి జేబులో పెట్టుకున్నారు.

నేడు మా విభాగంలో కాగితాలన్నీ కంప్యూటరుపైనే తయారవుతున్నవి. అయినా సంతకానికి పంపేముందు ఒక ప్రతి తీసి, మరొకరిచేత చదివించే అలవాటు చేసుకున్నాము. తప్పు ఇతరుల తలపై పడకముందే మన కంటపడాలన్నదే ఆ యంత్రం మాకు నేర్పిన పని.