రాత్రంతా తిరిగే పడవ

కాగోషిమ రేవు నుంచి సకురాజిమ రేవుకి సుమారు మూడున్నర కిలోమీటర్లు. ఫెర్రీ ఎక్కితే పదిహేను నిమిషాలు. జపాన్‌కి దక్షిణాన, క్యుషు దీవి అడుగుకొసన ఉంటుంది ఈ దారి. మా ఆయన అక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేసిన ఏళ్ళలో ఆ పడవ మా బతుకులో కలిసిపోయింది. కూరగాయలకని వెళ్ళాం, చుట్టాలొస్తే చూపించడానికి వెళ్ళాం, ఏ పనీ లేకపోయినా వెళ్ళాం.

నాది సఖినేటిపల్లి. నర్సాపురం వెళ్ళాలంటే గోదావరి మీద పంటు ఎక్కాల్సిందే, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకేనేమో, కాగోషిమలో మొదట నా కళ్ళు ఎదురుగా ఉన్న సకురాజిమ అగ్నిపర్వతపు కొండ మీద కంటే పడవ మీదే ఎక్కువ నిలిచాయి. ఆ పడవకి ముందూ వెనకా అని లేదు, రెండు కొసలూ ఒకటే. ఒక కొసన ఎక్కిన లారీ తిన్నగా రెండో కొసన దిగిపోతుంది. పడవా తిరగక్కర్లేదు, బండీ తిరగక్కర్లేదు. మేమున్న రోజుల్లో టికెట్టు డబ్బులు సకురాజిమ దీవి వైపే తీసుకునేవారు. నగరంలో ఎక్కేటప్పుడు అడిగేవాళ్ళుండరు. దిగాక కట్టాలి, తిరిగొచ్చేటప్పుడు ఎక్కేముందు కట్టాలి.

పై అంతస్తులో ఉడాన్ కొట్టు ఉంటుంది. పదిహేను నిమిషాల్లో వండటం, తినటం, గిన్నె తిరిగివ్వటం అన్నీ అయిపోవాలి. రోజూ వచ్చేవాళ్ళు పడవ కదలకముందే కౌంటరు దగ్గర నిలబడతారు. లావుపాటి గోధుమ సేమియా, వేడివేడి పులుసు, పైన చేపతో చేసిన వేపుడు ముక్క. చలికాలం పొద్దున్నే యూనిఫాం వేసుకున్న పిల్లలు, ఆఫీసుకెళ్ళేవాళ్ళు వరసగా నిలబడి, గిన్నె పెదాల దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ తాగుతుంటే కళ్ళద్దాలన్నీ మసకబారిపోయేవి. ఎదురుగా కిటికీలో కొండ పొగ వదులుతూ ఉండేది. ఒక్కరూ తలెత్తి చూసేవారు కాదు.

కొండంటే ఆషామాషీ కొండ కాదు. ఎత్తు 1,117 మీటర్లు. కొన్నేళ్ళు ఏడాదికి వందలసార్లు పేలుతుంది. అది కూర్చున్న సముద్రమే ఒక పెద్ద అగ్నిపర్వతపు గుంట. దాదాపు ముప్ఫై వేల ఏళ్ళ కిందట భయంకరమైన విస్ఫోటం జరిగి నేల కుంగిపోయింది, ఆ గుంటలోకి సముద్రం వచ్చింది. దానికి దక్షిణపు అంచున తర్వాత మొలిచిన కొండే సకురాజిమ. ఈ సంగతి తెలిశాక, డెక్కు మీద నిలబడి నీళ్ళలోకి చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది.

బూడిద గురించి చెప్పాలి. పొయ్యిలో బూడిదలా మెత్తగా ఉంటుందనుకున్నాను. కాదు, అది నల్లటి సన్న ఇసుక, గరుకు. పళ్ళ మధ్య కరకరలాడుతుంది. కంట్లో పడితే నలపకూడదు. కారు అద్దం మీద పడితే నీళ్ళు కొట్టకుండా వైపర్ వెయ్యకూడదు, గీతలు పడిపోతాయి. అక్కడి టీవీలో వానెప్పుడో చెప్పినట్టే సకురాజిమ మీద గాలి ఎటు వీస్తుందో కూడా రోజూ చెబుతారు. చలికాలంలో చాలామటుకు అవతలి ఒసుమి ద్వీపకల్పం వైపు పోతుంది, ఎండాకాలంలో మా నగరం మీదికొస్తుంది. గాలి మావైపున్న రోజు బట్టలు బయట ఆరేసేవాళ్ళం కాదు. ఎండలో గొడుగేసుకుని నడిచేవాళ్ళం. వాకిట్లో ఊడ్చిన బూడిద పోయడానికి మునిసిపాలిటీ పసుపురంగు సంచులిస్తుంది. అవి నింపి, మూతి కట్టి, చెప్పిన చోట పెట్టి రావాలి.

ఆ పడవ రాత్రి కూడా ఆగదు. పగలు ఒకదాని వెనక ఒకటి, రాత్రిపూట ఎడం ఎక్కువ, అంతే తేడా. అర్ధరాత్రి ఎవరెక్కుతారని అడిగాను, కొత్తలో. ఆ జవాబు ఒక రాత్రి కళ్ళారా చూశాను. ఊరి నుంచి వచ్చిన మరిదిని దీవి చూపించి, అక్కడే భోంచేసి, బాగా పొద్దుపోయాక తిరిగొస్తున్నాం. దీవి రేవులో బండ్లన్నిటినీ పక్కన ఆపి ముందు ఒక అంబులెన్సుని ఎక్కించారు. లోపల ఎవరో పెద్దాయన, పక్కన ఆయన చెయ్యి పట్టుకుని భార్య. పడవ కాగోషిమ వైపు ఆనగానే తలుపు దిగింది, అందరికంటే ముందు ఆ బండి వెళ్ళిపోయింది. డెక్కు మీదున్న వాళ్ళంతా అది రోడ్డెక్కేదాకా కదల్లేదు.

దీవిలో కూరగాయల దుకాణం పెట్టుకున్న ఒక ముసలావిడ నాకు బాగా చనువైంది. సకురాజిమ ముల్లంగి ప్రపంచంలోకెల్లా పెద్దది, రెండు చేతులా ఎత్తుకోవాలి. అక్కడి కొమికాన్ కమలాలేమో నిమ్మకాయంతే ఉంటాయి. రెండూ ఆ బూడిద నేలలోనే పండుతాయి. నేను ‘ఒబాసాన్’ అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను ‘అమ్మాయీ’ అన్నట్టు పలకరించేది. ఒకరోజు బేరం లేనప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. “1914లో కొండ బద్దలైనప్పుడు మా అమ్మ చంటిపిల్ల. వాళ్ళది తూర్పు వైపు సెతో అనే ఊరు. మా తాత వీపున కట్టుకుని పడవెక్కించాడు. సన్నటి జలసంధి దాటి ఒసుమి ఒడ్డుకి చేరారు.”

“ఆ జలసంధి చూపిస్తారా?” అన్నాను.

“ఏం చూపించను? లేదుగా!” అంది.

నిజంగానే లేదు. 1914 జనవరి 12 పొద్దున పది దాటాక కొండ బద్దలైంది. ఆ సాయంత్రం పెద్ద భూకంపం వచ్చింది. తర్వాత రోజుల తరబడి లావా పారుతూనే ఉంది. ఆ నెలాఖరుకల్లా దాదాపు నాలుగు వందల మీటర్ల వెడల్పు, డెబ్బై మీటర్ల పైన లోతు ఉన్న ఆ జలసంధి పూడిపోయి దీవి ఒసుమి నేలకి అతుక్కుపోయింది. సెతో ఊరు లావా కింద ఉంది. పసిపిల్లని ఎత్తుకుని పడవలో దాటిన నీళ్ళ మీద ఇప్పుడు తారురోడ్డు ఉంది, బస్సు వెళ్తుంది. కురొకామి అనే ఊళ్ళో గుడి ముందరి తోరణం మూడు మీటర్లది, పైన మీటరు మాత్రమే కనిపిస్తుంది. మిగతాదంతా ఒక్కరోజులో కురిసిన బూడిదలో, రాళ్ళలో కూరుకుపోయింది. ఊరివాళ్ళు దాన్ని తవ్వి తీయకుండా అలాగే ఉంచారు.

ఆవిడే నన్ను తూర్పు సకురాజిమ ప్రాథమిక పాఠశాల ఆవరణలో ఉన్న రాతి దగ్గరికి వెళ్ళి చూడమంది. 1924లో నిలబెట్టారు దాన్ని. పేలుడుకి ముందు రోజుల్లో దీవిలో భూమి విడవకుండా అదిరింది. గ్రామపెద్ద కాగోషిమలోని వాతావరణ కేంద్రాన్ని మళ్ళీమళ్ళీ అడిగించాడు. సకురాజిమకి ప్రమాదం లేదన్నారు. ఆ మాట పట్టించుకోని వాళ్ళు పడవలెక్కేశారు. నమ్మినవాళ్ళు, అందులోనూ చదువుకున్నవాళ్ళు, ఉండిపోయారు. ఆఖరికి జనవరి చలిలో సముద్రంలో దూకాల్సి వచ్చింది, కొందరు మునిగిపోయారు. అందుకే శాస్త్రాల మాట నమ్ముకుని కూర్చోవద్దని, కొండ తీరు మారిందనిపిస్తే ముందే బయల్దేరమని, ఆపద ఎప్పుడొస్తుందో తెలియదు గనక చేతిలో నాలుగు డబ్బులుంచుకోమని ఆ రాయి మీద చెక్కించారు.

మా ఆయన పరిశోధకుడు. చదివి వినిపించినాయన కాసేపు మాట్లాడలేదు. నాకు ఆ రాతిలో కోపం న్యాయంగానే కనిపించింది. 1996 నవంబరు తుఫానులో మా మేనత్తగారి ఐ.పోలవరం వైపు వేటకెళ్ళి తిరిగిరాని మనుషులు, పక్కకి ఒరిగిపోయిన కొబ్బరితోటలు నాకు తెలుసు. మనవాళ్ళని పోగొట్టుకున్నాక లెక్క ఎక్కడ తప్పిందని చెప్పినా ఓదార్పు కాదు. అయినా 1914లో శాస్త్రానికి ఉన్న పనిముట్లు ఏపాటివి! ఇవాళ క్యోటో యూనివర్సిటీ వాళ్ళ కేంద్రం దీవిలోనే ఉంది, కొండ వెంట్రుకవాసి ఉబ్బినా పట్టుకుంటుంది. 1914లో కక్కిన శిలాద్రవంలో చాలాభాగం మళ్ళీ కింద చేరిపోయిందని చెబుతున్నదీ శాస్త్రజ్ఞులే.

2022 జూలై 24, ఆదివారం రాత్రి ఎనిమిది దాటింది. ఫోన్లు మోగాయి. సకురాజిమ పేలి, రాళ్ళు రెండున్నర కిలోమీటర్ల దాకా పడ్డాయని, హెచ్చరిక అయిదో స్థాయికి పెంచామని. అదే అన్నిటికన్నా పై స్థాయి. కొండకి దక్షిణాన ఉన్న అరిముర, ఫురుసాతో వాడల వాళ్ళని, సుమారు యాభై మందిని, ఇళ్ళు ఖాళీ చేయించారు. నేను ఒబాసాన్‌కి ఫోన్ చేశాను. ఆవిడ ఇల్లు రేవు వైపు. “సంచి సర్దే ఉంది, బూట్లు గుమ్మంలో ఉన్నాయి, పడవ ఉంది. నువ్వు పడుకో” అంది. మర్నాడు వెళితే దుకాణం తెరిచే ఉంది. మూడు రోజుల తర్వాత స్థాయి మూడుకి దించారు.

సంచి సర్దుకోవడం ఆవిడ ఒక్కదాని అలవాటు కాదు. ఏటా దీవిలో తరలింపు సాధన జరుగుతుంది. ఒడ్డు పొడవునా అందుకోసమే కట్టిన చిన్న రేవులున్నాయి, రోడ్ల పక్కన రాళ్ళ నుంచి తలదాచుకునే కాంక్రీటు గూళ్ళున్నాయి. బడిపిల్లలు పసుపు హెల్మెట్లు పెట్టుకుని నడుస్తారు. రోజూ ఉడాన్ తిని ఆఫీసుకెళ్ళే పడవలే ఆ రోజొస్తే జనాన్ని దాటించాలి.

కాగోషిమ వెళ్ళే తెలుగువాళ్ళు ఈమధ్య పెరిగారు. చాలామంది దీవిలో దిగి, రేవు పక్కన వేడినీళ్ళ కాలవలో కాళ్ళు పెట్టుకుని, ఫొటో తీసుకుని తర్వాతి ఫెర్రీకి వచ్చేస్తున్నారు. మీరు వెళితే అలా వచ్చేయకండి. రేవులో బస్సెక్కి తూర్పు వైపు వెళ్ళండి. కురొకామి తోరణం చూడండి, ఆ బడి దగ్గర రాయి చూడండి. చీకటిపడినా కంగారు లేదు, పడవ ఉంటుంది.