కొన్న బర్రె, పెంచిన పడ్డ
(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. కవిత్వం నాకు రాదు. కథలు వ్రాసేవారు మా హాస్టల్లోనే అరడజనుమంది ఉన్నారు. నాకు తెలిసినవి రెండే రెండు విషయాలు: ఒకటి ఫుట్‌బాల్, రెండోది పశువులు. మొదటిదాన్ని ఫోనులో చూసి నేర్చుకున్నాను, రెండోదాన్ని పేడ ఎత్తి నేర్చుకున్నాను. ఈ రెంటికీ ఏమిటి సంబంధమని పాఠకులు నవ్వుకోవచ్చు. నేనూ ఒక రాత్రి వరకూ అలాగే అనుకున్నాను.

మాది దొరవారిసత్రం మండలం, నేలపట్టు పక్షుల చెరువుకు దగ్గరి పల్లె. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని నెల్లూరు నుంచి తిరుపతికి బదిలీ చేశారు. మా బదిలీకి ఎవరూ ఎవరికీ పైసా చెల్లించలేదు. మాటలో మాత్రం మేమింకా నెల్లూరోళ్ళమే.

2025 మే నెలాఖరు. సెలవులకు ఇంటికి వెళ్ళాను. ఆ రాత్రి మ్యూనిక్‌లో యూరప్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. మన టైము ప్రకారం పన్నెండున్నరకు మొదలు. కొట్టం ముందు మంచం వేసుకుని ఫోనులో చూస్తున్నాను. పారిస్ సెయింట్ జెర్మెన్ జట్టు ఇంటర్ మిలాన్‌ను ఉతికి ఆరవేస్తున్నది. రెండు గంటలప్పుడు మా నాయన లేచి బర్రెకు గడ్డి వెయ్యడానికి వచ్చి, "ఏంది అబ్బయ్యా, ఇంకా పండుకోలా?" అన్నాడు. ఆట సంగతి చెప్పాను. మాటలో మాటగా, ఈ జట్టు 2017లో నెయ్‌మార్ అనే ఒక్క ఆటగాడిని 22 కోట్ల 20 లక్షల యూరోలు పోసి కొన్నదనీ, మన డబ్బులో 1,600 కోట్లకు పైమాటేననీ, ప్రపంచంలో ఇప్పటిదాకా అంతకంటె పెద్ద బేరం జరగలేదనీ చెప్పాను. నాయన ఫోనులోకి తొంగి చూసి, "అంత పోసి కొన్నోడు యాడుండాడు ఇందులో?" అన్నాడు.

"లేడు నాయనా, రెండేళ్ళ కిందట అమ్మేశారు. ఆయన పోయినాకనే ఈ కప్పు గెలస్తా ఉండారు."

నాయన ఏమీ అనలేదు. కొట్టంలో ఖాళీగా ఉన్న రెండో గుంజవైపు చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వుకు అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు. మీకూ చెప్పాలి.

2019లో మా నాయన ఒక ముర్రా బర్రెను కొన్నాడు. ధర లక్షా అయిదు వేలు. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బు. వ్యాపారి దొడ్లో మా కళ్ళెదుటే పాలు పిండి చూపించాడు. పొద్దునా సాయంత్రం కలిపి పద్నాలుగు లీటర్లు వస్తాయన్నాడు, ఆ పూట ఏడు లీటర్లు బకెట్లో పడ్డాయి కూడా. పెయ్యదూడతో సహా లారీ ఎక్కించుకుని వచ్చాం. ఊరంతా వచ్చి చూసిపోయింది. పదిహేను రోజులయ్యేసరికి రోజుకు ఎనిమిది లీటర్లు. వైద్యం చేయించాం, దాణా మార్చాం, మొక్కుకున్నాం. ఎనిమిది తొమ్మిది కాలేదు. ముందు పూట పాలు పిండకుండా పొదుగు నింపి పెట్టడం ఆ వ్యాపారంలో పాత విద్య అని తరువాత తెలిసింది. ఆ మోసం ఒక్కటే కారణమని మాత్రం నేననను. దానికి అలవాటైన మేత వేరు, నీళ్ళు వేరు, పిండే చెయ్యి వేరు. కొత్త చేతికి బర్రె చేపదు. మా నాయన కొన్నది బర్రెను ఒక్కదాన్నే. అది పద్నాలుగు లీటర్లు ఇచ్చిన కొట్టాన్ని కొనలేదు.

ఫుట్‌బాల్ క్లబ్బుల పెద్ద బేరాల్లో సగం ఇక్కడే చెడిపోతున్నాయని నా అభిప్రాయం. 2018 జనవరిలో బార్సిలోనా వారు లివర్‌పూల్ నుంచి కుటీనోను కొన్నారు. షరతుల మీద ఇవ్వవలసినవన్నీ కలిపితే 14 కోట్ల పౌండ్ల పైచిలుకు బేరం. లివర్‌పూల్‌లో అతను నిప్పుకణిక. బార్సిలోనాలో ఏ చోట ఆడించాలో వారికే తెలియలేదు. చివరకు బయర్న్ మ్యూనిక్‌కు అరువిచ్చారు. 2020 ఆగస్టులో ఆ బయర్న్ జట్టు బార్సిలోనాను 8-2 తేడాతో ఓడించింది. ఆ ఎనిమిదిలో చివరి రెండు గోళ్ళు కుటీనోవే! మేపుకిచ్చిన బర్రె వచ్చి మన చేనే మేసినట్టు.

క్లబ్బులవారు బేరం సొమ్మును లెక్కలో ఒక్కసారిగా చూపరు. ఒప్పందం ఎన్నేళ్ళకైతే అన్నేళ్ళకు పంచి వ్రాస్తారు. నెయ్‌మార్ ఒప్పందం అయిదేళ్ళది కనుక ఏడాదికి 4 కోట్ల 44 లక్షల యూరోలు. అంటే మా బర్రె అయిదు ఈతలు ఈనుతుందనుకుని, ఈతకు ఇరవై ఒక్క వేలు అని వేసుకోవడం లాంటిది. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. కాని బర్రె ధర ఒక్కసారే, దాణా రోజూ. తవుడు, చెక్క, గడ్డి, మందులు: పాలు ఇచ్చినా ఇవ్వకున్నా పొద్దున్నే అది అరుస్తుంది. ఆటగాడి జీతమూ అంతే. గాయపడి మంచంలో ఉన్నా ఒకటో తారీఖు ఆగదు. నెయ్‌మార్‌నే చూడండి. 2023లో సౌదీ అరేబియాలోని అల్ హిలాల్ క్లబ్బు సుమారు 9 కోట్ల యూరోలిచ్చి కొన్నది. కొద్ది వారాలకే మోకాలు దెబ్బతిన్నది. మొత్తం ఏడు మ్యాచ్‌లు ఆడి 2025 జనవరిలో ఇంటిదారి పట్టాడు.

ఇంగ్లండులో లీడ్స్ అనే క్లబ్బు కథ నాకు అన్నిటికంటె ఎక్కువ పాఠం చెప్పింది. 2000 నవంబరులో రియో ఫెర్డినాండ్‌ను కోటీ 80 లక్షల పౌండ్లకు కొన్నారు. అప్పటికి ఆ దేశంలో అదే రికార్డు. ఆ సీజనులో యూరప్ సెమీఫైనల్‌కు కూడా వెళ్ళారు. రెండేళ్ళు తిరక్కుండానే ఫెర్డినాండ్‌ను సుమారు 3 కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మారు. ఆ బేరంలో లాభమే! అయినా క్లబ్బు మునిగింది. ఎందుకంటే అతనొక్కడే కాదు, వరసగా ఎందరినో కొన్నారు, పెద్ద జీతాలు ఒప్పుకున్నారు, రాబోయే సంవత్సరాల టిక్కెట్ల రాబడి చూపించి 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చారు. మళ్ళీ ఛాంపియన్స్ లీగ్‌కు వెళ్తామన్న ధైర్యం. వెళ్ళలేదు. 2004లో రెండో శ్రేణికీ, 2007లో మూడో శ్రేణికీ దిగిపోయారు. నాట్లు వెయ్యకముందే వడ్ల మీద అప్పు తెచ్చే పద్ధతి మా వైపూ ఉంది. తుఫాను రాకపోతే ఆ రైతు తెలివైనవాడు. వస్తే ఏమవుతాడో మీకు నేను చెప్పనక్కర లేదు.

మా గదిలో హైదరాబాదు మిత్రుడొకడున్నాడు. ఈ లెక్కలు విని, "మరి ఖర్చు పెట్టకుండా ఎవడు గెలిచాడురా?" అంటాడు. వాడి మాటలోనూ న్యాయముంది. పారిస్ ఫైనల్లో రెండు గోళ్ళు కొట్టిన పందొమ్మిదేళ్ళ డూయే ఊరికే రాలేదు, సుమారు 5 కోట్ల యూరోలకు కొన్నవాడే. అయిదో గోలు కొట్టిన మయులు మాత్రం వారు ఇంట్లో పెంచుకున్న కుర్రాడు. కాబట్టి కొనడమే తప్పని ఎవరంటారు?

వాడి ఊరి క్లబ్బు సంగతే చూద్దాం. ఫుట్‌బాల్‌లో హైదరాబాదుకు ఉన్న పేరు చిన్నది కాదు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ ఊరి రహీం సాబ్ శిక్షణలోనే భారతదేశం 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చుకుంది. అటువంటి ఊళ్ళో 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. 2021లో తమ మంచి కుర్రవాడు లిస్టన్ కొలాసోను కలకత్తాకు అమ్ముకున్నారు. కోటి రూపాయలన్నారు పత్రికలవారు. అమ్మినందుకు అభిమానులు ఏడ్చారు. ఆ మరుసటి సీజనులోనే, 2022 మార్చి 20న, గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఐ.ఎస్.ఎల్. కప్పు ఎత్తారు. గోలీ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రోజు మా గది మిత్రుడు పదో తరగతి పుస్తకాలు మూసేసి వీధుల్లో తిరిగాడట.

తరువాత? జీతాలు బకాయి పడ్డాయి. కొత్త ఆటగాళ్ళను తీసుకోకూడదని ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీయులు వెళ్ళిపోయారు. 2023-24లో కుర్రవాళ్ళతో ఆడి అట్టడుగున నిలిచారు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. రికార్డు ధరలు పెట్టి ఎవరినీ కొనకుండానే ఇదంతా. మా నాయన భాషలో చెప్పాలంటే, దాణా బాకీ పడింది.

ప్రమాదమనేది బేరం పరిమాణంలో లేదు, కొన్నవాడి కొట్టంలో ఉన్నదని నాకు తోచింది. పారిస్ క్లబ్బు వెనుక ఖతార్ దేశపు సొమ్ముంది. వారికి నెయ్‌మార్ వంద బర్రెల మందలో ఒకటి. చేపకపోతే ఇంకొకటి కొంటారు. మా నాయనకు ఉన్నది ఒకే గుంజ, ఒకే జత గాజులు. స్టాటిస్టిక్స్ క్లాసులో సగటు విలువ లెక్క కడతాం. వందసార్లు కొనగలిగినవాడికి ఆ సగటు పనికివస్తుంది. ఒక్కసారే కొనగలిగినవాడికి సగటు ఎక్కడిది?

ఇక్కడొక ముచ్చట. బ్రెజిల్ వారు మన ఒంగోలు జాతి పశువులను తీసుకుపోయి "నెలోర్" అని మా జిల్లా పేరే పెట్టుకున్నారు. అక్కడ వియాటినా-19 అనే ఆ జాతి ఆవుకు 2023 వేలంలో 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు. వారు మనకు ఫుట్‌బాల్ ఆటగాళ్ళను చూపించి ఆశ్చర్యపరుస్తారు, మన ఆవును మనకే చూపించీ ఆశ్చర్యపరుస్తారు!

మా కథ పూర్తి చేస్తాను. ఆ కొన్న బర్రెను 2021లో నలభై రెండు వేలకు అమ్మేశాం. దాని పెయ్యదూడ మాత్రం మిగిలింది. అమ్మ దాన్ని బిడ్డలా సాకింది. పడ్డ అయింది, 2023లో ఈనింది. రెండో ఈతకు పన్నెండు లీటర్లు! మ్యాచ్ రాత్రి నాయన గడ్డి వేసింది దానికే. పోయిన డిసెంబరులో ఒక బేరగాడు వచ్చి లక్షా ముప్పై వేలు ఇస్తానన్నాడు. నాయన హాస్టలుకు ఫోను చేశాడు.

"ఆ సొమ్ము వస్తే గాజులు విడిపించొచ్చు, నీ ఎమ్మెస్సీ చదువుకు కొంత ఉంటాది. పాలా, రోజూ పోతా ఉండాయి గదా. నువ్వు చదువుకున్నోడివి, ఏం జెయ్యమంటావు?"

నాకు కొలాసో గుర్తొచ్చాడు, వెంటనే తరువాతి సంగతులూ గుర్తొచ్చాయి. ఇంతమందికి ఇన్ని లెక్కలు చెప్పేవాణ్ణి, ఆ నిముషంలో నోరు పెగల్లేదు. కాసేపటికి "అమ్మను అడుగు నాయనా" అన్నాను. అమ్మ ఆ పూట అన్నం తినలేదట, కాని అమ్మమనే చెప్పిందట.

సంక్రాంతికి వెళ్ళేసరికి గుంజలు రెండూ ఖాళీ. అమ్మ చేతికి గాజులున్నాయి. పండుగ మూడో రోజు కొన్నాయన ఫోను చేసి, బర్రె తొమ్మిది లీటర్లే ఇస్తున్నదని నిష్ఠూరమాడాడు. నేను భయపడ్డాను, డబ్బు వెనక్కి అడుగుతాడేమోనని. నాయన ఫోను తీసుకుని పావుగంట సేపు, తవుడు ఎంతసేపు నానెయ్యాలో, నీళ్ళు ఎంత వెచ్చగా ఉండాలో, పిండేటప్పుడు ఏ పక్క కూర్చోవాలో ఓపిగ్గా చెప్పాడు. చివరన ఫోనును అమ్మకిచ్చి, "అది చేపేటప్పుడు నువ్వు పిలిచే పిలుపు ఏందో ఆయనకి చెప్పు" అన్నాడు.