కొమాల్ ఒడ్డున జర్మన్ ఊరు: ఒక్క రోజు చూసి రండి

కాపెల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు సెలవు రోజు వస్తే ఎటు వెళ్దామని అడుగుతుంటారు. నది ఒడ్డున పాత జర్మన్ ఊరు చూడాలని ఉందా? జర్మనీ దాకా పోనక్కర్లేదు, మన టెక్సాస్‌లోనే న్యూ బ్రౌన్‌ఫెల్స్ ఉంది. అందరికీ అది నీళ్ళలో ఆడుకునే ఊరు. కానీ మీ ముత్తాత గిర్మిట్ కూలీగా పోర్ట్ లూయీలోనో, డర్బన్‌లోనో, సువాలోనో ఓడ దిగినవాడైతే, ఆ ఊరు మీకు ఇంకో కథ కూడా చెబుతుంది.

పొద్దున్నే ఆరింటికి బయల్దేరి ఐ-35 మీద దక్షిణంగా వెళ్ళండి. వేకో, ఆస్టిన్, శాన్ మార్కస్ దాటితే వచ్చేస్తుంది. నాలుగు గంటల పైమాటే. ఆస్టిన్ ట్రాఫిక్‌కు ఇంకాస్త టైం ఉంచుకోండి. వేసవి శనివారాల్లో నది నిండా ట్యూబుల మీద తేలేవాళ్ళే ఉంటారు. ఊరు తీరిగ్గా చూడాలంటే మార్చి, అక్టోబరు నెలలు మంచివి.

ముందు లాండా పార్కుకు వెళ్ళండి. కొమాల్ నది పుట్టేది అక్కడే. రాళ్ళ మధ్య నుంచి నీళ్ళు ఉబికి వస్తుంటాయి, అడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తాయి. టెక్సాస్‌లో ఇంతకన్నా పెద్ద ఊటలు లేవు. నది పొడవు మాత్రం నాలుగు కిలోమీటర్లే. ఊళ్ళోనే పుట్టి, ఊళ్ళోనే గ్వాడలూప్‌లో కలిసిపోతుంది. గోదావరి గురించి పెద్దవాళ్ళ నోట విన్న మనకు ఇది పంటకాలువలా అనిపిస్తుంది. కానీ ఒక ఊరికి నీళ్ళిచ్చి, మిల్లులు ఆడించి నిలబెట్టింది ఈ కాలువే.

ఈ ఊరు 1845 మార్చి 21న, గుడ్ ఫ్రైడే నాడు మొదలైంది. జర్మనీలో కొందరు ప్రభువులు 1842లో ఒక సంఘం పెట్టి, టెక్సాస్‌కు జనాన్ని పంపడానికి పూనుకున్నారు. వాళ్ళ తరఫున వచ్చిన ప్రిన్స్ కార్ల్ ఈ ఊటల దగ్గర స్థలం కొని, తమ బ్రౌన్‌ఫెల్స్ పేరే పెట్టాడు. ఆ నేల మీద అంతకు ముందు నుంచీ టోంకవా, లిపాన్ అపాచీ వంటి తెగల జనం తిరుగాడుతుండేవారు. ఆ సంగతి కూడా గుర్తుంచుకుని చూడండి.

సంఘం ఇచ్చిన మాట ఇది: ఒంటరివాడు 120 డాలర్లు కడితే 160 ఎకరాలు, కుటుంబం 240 డాలర్లు కడితే 320 ఎకరాలు. తీరా వచ్చాక చూస్తే, చెప్పిన భూమి ఎక్కడో కొమాంచీల ప్రాంతంలో ఉంది. ఇక్కడ చేతికి వచ్చింది ఊళ్ళో ఇంటి స్థలం, పదెకరాల చేను. 1846లో మెక్సికోతో యుద్ధం మొదలై బండ్లన్నీ సైన్యానికి పోయాయి. ఓడ దిగినవాళ్ళు సముద్రం ఒడ్డునే చిక్కుకున్నారు. ఆ రేవులోనూ, ఊరికి వచ్చే దారిలోనూ వందలమంది జబ్బులతో చనిపోయారు.

ఇది చదువుతుంటే మీకు మన ఏజెంట్ల మాటలు గుర్తుకు రావడం లేదూ? అయితే రెండూ ఒకటి కాదు. వాళ్ళు డబ్బు కట్టి, భూమి కోసం వచ్చారు. మనవాళ్ళు కాగితం మీద వేలిముద్ర వేసి, ఐదేళ్ళ చాకిరీకి వెళ్ళారు. పనికి రాకపోతే జైలు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలో 342 మంది దిగారు, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒక్కరికీ ప్రిన్స్ కార్ల్ లాంటివాడు ముందు వెళ్ళి ఊరు కొని ఉంచలేదు.

పార్కు నుంచి గుట్ట మీది సోఫియన్‌బర్గ్ మ్యూజియానికి వెళ్ళండి. ప్రిన్స్ తనకు కాబోయే భార్య సోఫియా పేరున అక్కడ కోట కట్టాలనుకున్నాడు. ఆమె రానేలేదు, ఆయనా కొన్నాళ్ళకే వెళ్ళిపోయాడు. ఊరిని నిలబెట్టింది మిగిలినవాళ్ళు. 1845 ఆగస్టులోనే హెర్మన్ సీలె చెట్ల కింద పిల్లలకు బడి పెట్టాడు. నది ఒడ్డున లిండ్‌హైమర్ ఇల్లు ఉంది, అదీ చూడండి. టెక్సాస్ మొక్కలను శ్రద్ధగా సేకరించిన ఆయన 1852 నుంచి ఇరవై ఏళ్ళు ఈ ఊరి జర్మన్ పత్రికకు సంపాదకుడు. ఆ పత్రిక వందేళ్ళకు పైగా జర్మన్‌లోనే వచ్చింది.

భూమి ఉంది, బడి ఉంది, పత్రిక ఉంది. మరి భాష ఏమైంది? మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ మాట్లాడితే అనుమానంగా చూశారు. 1918లో బడుల్లో ఇంగ్లీషే ఉండాలని టెక్సాస్ చట్టం చేసింది. ఆ తర్వాత ఇంకో యుద్ధం. తల్లిదండ్రులు భయపడి, పిల్లల మేలు కోరి, ఇంట్లో ఇంగ్లీషుకు మారారు. ఇప్పుడు టెక్సాస్ జర్మన్ వచ్చినవాళ్ళు చాలావరకు ముసలివాళ్ళే. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో హాన్స్ బోయస్ 2001 నుంచి వాళ్ళ మాటలు రికార్డు చేయిస్తున్నారు. నవంబరులో వుర్స్ట్‌ఫెస్ట్ మాత్రం ఘనంగా జరుగుతుంది. అక్కడ పాటలు ఉంటాయి, సాసేజ్‌లు ఉంటాయి. బామ్మ మనవడితో జర్మన్‌లో మాట్లాడడం మాత్రం వినబడదు.

ఇక్కడే మన సంగతి ఆలోచించండి. మారిషస్‌లో ఏ ఆస్తీ లేనివాళ్ళు రామభజనంతో, అమ్మోరు పండుగతో తెలుగును నిలుపుకున్నారు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు, బడుల్లో తెలుగు చెబుతారు. దక్షిణాఫ్రికాలో 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఫిజీలో మనవాళ్ళ ఇళ్ళలో ఎక్కువగా ఫిజీ హిందీయే మిగిలింది. సంఘాలూ పండుగలూ కావాలి, కాదనను. కానీ ఈ ఊరు చూస్తే ఒకటి తెలుస్తుంది: పండుగ భాషను గుర్తు చేస్తుంది, బతికించేది మాత్రం అన్నం పెడుతూ ఆడే మాటలే.

మధ్యాహ్నం 1868 నాటి నేగెలిన్స్ బేకరీలో ఆగండి, శాకాహారులకూ తినడానికి దొరుకుతాయి. సాయంత్రం గ్రీన్ అనే పేటకు వెళ్ళండి. అక్కడ 1878లో కట్టిన డాన్స్ హాలు ఇప్పటికీ నడుస్తోంది. టికెట్టు లేని వేళలో లోపలికి తొంగి చూసినా చాలు, ఆ చెక్క నేల మీద ఎన్ని తరాలు ఆడాయో తెలుస్తుంది.

పిల్లల్ని వెంట తీసుకువెళ్ళండి. మ్యూజియంలో వలస వచ్చినవాళ్ళ కథలు చూస్తుంటే వాళ్ళు అడుగుతారు, మన ఓడ ఏదని. జవాబు సిద్ధం చేసుకోండి. మారిషస్ వాళ్ళకు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస రిజిస్టర్లు ఉన్నాయి, కొందరి ఫోటోలు కూడా ఉన్నాయి. ఫిజీ వాళ్ళ పాసులు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నేటాల్ ఓడల జాబితాలూ దొరుకుతాయి. మీ పెద్దవాళ్ళ నంబరు, ఓడ పేరు, బయల్దేరిన ఊరు ఒక కాగితం మీద రాసుకుని బయల్దేరండి. తిరుగు ప్రయాణంలో నాలుగు గంటలు ఉంటాయి కదా, ఆ కథ పిల్లలకు తెలుగులోనే చెప్పండి.