బొండాలు పట్టుకుపోయిన రోజు

మా జుక్కల్ వైపు బంధువులెవరైనా దవాఖానలో పడ్డారని తెలిస్తే పోయి చూసి రావాల్సిందే. పోకపోతే ఆ మాట ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. చిన్న రోగాలకు బాన్సువాడ ఉంది. పెద్దదైతే నిజామాబాదో, పిట్లం మీదుగా హైదరాబాదో, మద్నూర్ దాటి దెగ్లూర్ మీదుగా నాందేడో పోవాలి. బస్సులు మారి అంత దూరం పోయేవాళ్లు ఒట్టి చేతులతో పోరు.

మా మేనమామను చూడటానికి మొదటిసారి ఒక్కడినే ఓ పెద్ద దవాఖానకు పోయినప్పుడు నేనూ కొబ్బరి బొండాలు, అరటిపళ్లు పట్టుకుపోయాను. ఆయనకు కిడ్నీలు పాడై డయాలసిస్ చేస్తున్నారని తెలుసు. డయాలసిస్ ఏమిటో, ఆ మనిషి ఏం తినాలో, ఏం తినకూడదో తెలియదు. బయల్దేరే ముందు ఒక్క ఫోన్ చేసి అడగాలనీ తోచలేదు.

మామ మంచం పక్కన ఓ నీళ్ల సీసా ఉంది. దాని మీద అత్తమ్మ పెన్నుతో అడ్డగీతలు గీసి పెట్టింది. పొద్దున ఇంత, మధ్యాహ్నం ఇంత, రాత్రికి ఇంత. మూత్రం సరిగా రాని మనిషికి తాగిన నీళ్లన్నీ ఒంట్లోనే నిలిచి కాళ్లకు, ఊపిరితిత్తులకు చేరతాయి. అందుకే రోజుకు ఎంత తాగాలో డాక్టర్లు కొలిచి చెబుతారు. ఆ గీతలు నా కళ్ల ముందే ఉన్నాయి, నేను పట్టించుకోలేదు. అత్తమ్మ మందులకని కిందికి పోయింది. మామ బొండాం వైపే చూస్తున్నాడు. "గొంతు ఎండుకపోతున్నది అల్లుడా, రెండు గుటకలు ఇయ్యి" అన్నాడు. స్ట్రా పెట్టి చేతికిచ్చాను. ఆయన ఆపకుండా తాగుతుంటే నాకు కడుపు నిండినట్టయింది.

ఒక గ్లాసు కొబ్బరి నీళ్లలో దాదాపు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మంచి కిడ్నీలు ఎక్కువైనదాన్ని బయటికి పంపేస్తాయి. పాడైన కిడ్నీలకు ఆ పని చేతకాదు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. అరటిపళ్లతోనూ అదే గొడవ. ఇదంతా ఖాళీ బొండాం చూసిన సిస్టర్ డ్యూటీ డాక్టరును పిలిచి, ఈసీజీ తీసి, రక్తం పరీక్షకు పంపిన తర్వాత నాకు తెలిసింది. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రంతా అత్తమ్మ రెప్ప వాల్చలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. అది నాకు అప్పుడు తెలియనే లేదు. బొండాం తాగాక మామ "అల్లుడా, బ్యాంకుల పంట లోనుది..." అని మొదలుపెట్టాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపేశాను. "ఇప్పుడవన్నీ ఎందుకు మామా, నువ్వు ఫికర్ వెట్టుకోకు, ఏం గాదు" అన్నాను. ఆయన మళ్లీ నోరు తెరిచాడు. మళ్లీ అదే మాట అన్నాను. ధైర్యం చెబుతున్నాననుకున్నాను. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో వచ్చిన తన 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో సరిగ్గా ఇలాంటి పరామర్శల గురించి ఒక అధ్యాయమే రాసింది. రోగం సంగతి తేలిక చేసి మాట్లాడేవాళ్లు రోగిని మరింత ఒంటరిని చేస్తారని ఆమె బాధ. అది చదివినప్పుడు ఆ వార్డులో నా గొంతే నాకు వినిపించింది.

మామ చెప్పబోయిన విషయం ఇది. పంట రుణం గడువులోగా కడితే 7 శాతం వడ్డీ 4 శాతానికి దిగుతుంది. తేదీ దాటితే ఆ 3 శాతం రాయితీ పోతుంది. సోయా అమ్మిన పైసలు ఇంట్లోనే ఉన్నాయి. తీసుకుపోయి కట్టే మనిషి కావాలి. నన్ను అడుగుదామనుకున్నాడు. చావు గురించి భయపడుతున్నాడని నేను అనుకుంటే, ఆయన మనసంతా ఆ తేదీ మీద ఉంది.

రెండోసారి పోయేముందు అత్తమ్మకు ఫోన్ చేశాను. ఏం తేవాలని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు రెండు జొన్న రొట్టెలు తేరా బిడ్డా, కాంటీన్ల అన్నం తినబుద్ధైతలేదు" అంది. అన్ని రోజులు ఆమె ఏం తింటోందో మా వాళ్లలో ఎవ్వరమూ అడగలేదు. రొట్టెలు, ఎండుకారం, ఒక దుప్పటి తీసుకుపోయాను. మామకు ఏమీ పట్టుకుపోలేదు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "లోను సంగతి చెప్పు మామా" అన్నాను.

అప్పటికే తేదీ దాటిపోయింది. ఆయన అది మనసులో పెట్టుకోలేదు, లేదా పెట్టుకున్నా బయటపడనియ్యలేదు. పాసుపుస్తకం ఏ పెట్టెలో ఉంది, కౌలుకిచ్చిన చెలక తాలూకు పైసలు ఎవరి దగ్గర్నుంచి రావాలి, ఎద్దులను అమ్మాలా ఉంచాలా, అన్నీ వరుసగా చెప్పాడు. నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. మధ్యలో ఒక్కసారి కూడా ఏం గాదు అనలేదు. రాసిందంతా చదివి వినిపించమన్నాడు. ఒకచోట సర్వే నంబరు తప్పు రాశాను, ఆపి దిద్దించాడు.